పవర్ మ్యాక్ 9600: రెండు స్కజీ డిస్కుల స్ట్రైప్ వాల్యూమ్ మౌంట్ కావడం లేదు, డేటా బయటికి తీయాలి

చిత్తూరు_ప్రీప్రెస్:

అందరికీ నమస్కారం. చిత్తూరులో ప్రెస్సులో ఉన్న పవర్ మ్యాకింటోష్ 9600/233 గురించి సలహా కావాలి. మ్యాక్ ఓఎస్ 9.1. స్టార్టప్ డిస్కు మదర్‌బోర్డు 50 పిన్ స్కజీ (డిస్కులు తగిలించే పాత పద్ధతి) మీద ఉంది, అది బాగానే లేస్తోంది. గొడవంతా రెండో వాల్యూమ్‌తోనే.

పీసీఐ స్లాటులో అడాప్టెక్ పవర్‌డొమైన్ 2940 యూడబ్ల్యూ కార్డు ఉంది. దాని బయటి 68 పిన్ కనెక్టరు నుంచి 2 మీటర్ల కేబుల్ ఒక డిస్కు డబ్బాకు పోతుంది. డబ్బాలో 9 జీబీ, 7200 ఆర్పీఎం వైడ్ డిస్కులు రెండు, వాటి స్కజీ ఐడీలు (నంబర్లు) 2, 4. ఎఫ్‌డబ్ల్యూబీ రెయిడ్ టూల్‌కిట్‌తో రెండింటినీ స్ట్రైప్ చేసి (డేటా ముక్కలు రెండు డిస్కుల్లో మార్చి మార్చి పడేలా కలిపి) 18 జీబీ ఒకే వాల్యూమ్‌గా పెట్టారు. మామిడి గుజ్జు డబ్బాల లేబుళ్లు, శ్రీకాళహస్తి కలంకారీ డిజైన్ల సీఎంవైకే (నాలుగు రంగుల అచ్చు) స్కాన్లు, క్వార్క్ (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) లేఅవుట్లు, అప్పటి తెలుగు ఫాంట్లు అన్నీ అందులోనే. సీడీల్లో ఉన్నది కొంతే.

పొద్దున ఆన్ చేస్తే స్కజీ ప్రోబ్‌లో (తగిలించిన పరికరాలు చూపించే సాఫ్ట్‌వేర్) ఐడీ 2 ఒక్కటే కనిపిస్తుంది. ఆపకుండా అలాగే రీస్టార్ట్ కొడితే 2, 4 రెండూ కనిపిస్తాయి. కానీ వాల్యూమ్ రాదు, 'ఈ డిస్కును చదవలేను, ఇనిషియలైజ్ చేయాలా' అన్న పెట్టె వస్తుంది. ఎజెక్ట్ కొట్టి వదిలేస్తున్నాం. డిస్కుల్లోంచి టకటక శబ్దం ఏమీ లేదు. డబ్బా రెండో కనెక్టరుకు ఒక టెర్మినేటరు (కేబుల్ కొసన సిగ్నల్ వెనక్కి కొట్టకుండా ఆపేది) ఉంది, దాని మీద ఏమీ రాసి లేదు. మ్యాక్ తేదీ ప్రతిసారీ పాతదానికి పోతోంది.

స్ట్రైప్ సైజు, అంటే ఒక్కో ముక్క ఎంత పెట్టారో తెలిసినవాళ్లు ఇప్పుడు లేరు. మ్యాక్‌లోనే లేపే దారి ఉందా? లేకపోతే డిస్కులు విడిగా కాపీ చేసి బయట కలపొచ్చా?


తిరుపతి_68పిన్:

అన్నా, ముందు చేయకూడనివి చెప్తాను. ఇనిషియలైజ్ ఎలాగూ కొట్టడం లేదు, మంచిది. ఆపిల్ డ్రైవ్ సెటప్ తెరిచి 'అప్‌డేట్ డ్రైవర్' నొక్కొద్దు. స్ట్రైప్ సెట్‌ను కలిపి చూపించే డ్రైవరు ఆ డిస్కుల్లోనే చిన్న పార్టిషన్‌లో ఉంటుంది, దాని మీద ఆపిల్ డ్రైవరు పడితే సెట్ ఇంక కలవదు. డిస్క్ ఫస్ట్ ఎయిడ్, నార్టన్ లాంటి రిపేర్ టూల్స్ కూడా వద్దు. ఒక డిస్కు వచ్చీ రాకుండా ఉన్నప్పుడు రిపేరు చేస్తే, అది సగం డేటాను చూసి డైరెక్టరీ పాడైందని అనుకుని తిరగరాసేస్తుంది. స్ట్రైప్‌లో రెండో కాపీ అనేదే లేదు కాబట్టి రాసినది రాసినట్టే.

మీరు చెప్పినదాంట్లో రెండు వేర్వేరు తప్పులు కనిపిస్తున్నాయి. చల్లగా ఉన్నప్పుడు ఐడీ 4 రాకపోవడం ఒకటి. అది డిస్కు ఆలస్యంగా తిరగడం వల్ల. కార్డు వెతికే సమయానికి మోటారు వేగం అందుకోలేదు, రీస్టార్ట్ కొట్టేసరికి అందుకుంది. రెండూ కనిపించినా చదవలేకపోవడం ఇంకొకటి. అది ఎక్కువగా బస్సుది, అంటే కార్డునూ డిస్కులనూ కలిపే కేబుల్ దారిది.

ఐడీ కనిపించింది కదా, కేబుల్ బాగానే ఉందని చాలామంది అక్కడే ఆగిపోతారు. స్కజీ ప్రోబ్ అడిగేది పేరు, మోడలు చెప్పే కొద్దిపాటి బైట్లు మాత్రమే. ఆ మాటామంతీ 8 బిట్ల మీద, నెమ్మదిగా, అసింక్రనస్‌గా జరుగుతుంది. డేటా చదివేటప్పుడు 16 బిట్ల మీద సెకనుకు 40 ఎంబీ వేగానికి పోతుంది. టెర్మినేషన్ సరిగా లేని బస్సు మొదటిదానికి తట్టుకుంటుంది, రెండోదానికి తట్టుకోదు.

అల్ట్రా వైడ్ సింగిల్ ఎండెడ్‌లో, అంటే మీ కార్డు వాడే రకం స్కజీలో, 4 పరికరాల వరకు మొత్తం పొడవు 3 మీటర్లు, అంతకన్నా ఎక్కువ పరికరాలుంటే 1.5 మీటర్లు. డబ్బా లోపలి రిబ్బను కూడా ఇందులో లెక్క. కార్డును కూడా ఒక పరికరంగానే లెక్కేయాలి. మీది 2 మీటర్లకు లోపలి రిబ్బను కలిస్తే అంచుకు వచ్చేస్తుంది. 1 మీటరు కేబుల్ దొరికితే మార్చండి. దొరకకపోతే కార్డుతో వచ్చిన కంట్రోల్ యుటిలిటీలో ఆ రెండు ఐడీలకూ వేగం 10 ఎంబీకి దించండి. డేటా తీసుకోవడానికి అది చాలు.

టెర్మినేటరు మీద 'యాక్టివ్' అని రాసి లేకపోతే పాసివ్ అనే అనుకోండి. పాసివ్‌లో ఒక్కో తీగకు 220, 330 ఓమ్స్ రెసిస్టర్లు రెండే ఉంటాయి, టెర్మ్ పవర్ (టెర్మినేటరుకు అందే కరెంటు) కాస్త తగ్గితే సిగ్నల్ స్థాయి కూడా తగ్గిపోతుంది. యాక్టివ్‌లో రెగ్యులేటరు 2.85 వోల్టులు నిలబెట్టి 110 ఓమ్స్ మీదుగా ఇస్తుంది. అల్ట్రా వేగానికి యాక్టివ్ తప్పనిసరి. టెర్మ్ పవర్ కొలవాలంటే టెర్మినేటరు తీసి డబ్బా 68 పిన్ కనెక్టరులో 17, 18, 51, 52 పిన్నుల దగ్గర చూడండి. 4.25 వోల్టుల కన్నా తక్కువ వస్తే కార్డు మీది చిన్న ఫ్యూజు అనుమానించాలి.

ఇంకొకటి: 2940 యూడబ్ల్యూకి లోపల 50 పిన్, లోపల 68 పిన్, బయట 68 పిన్ అని మూడు కనెక్టర్లు ఉంటాయి. వాటిలో ఏ రెండైనా వాడొచ్చు, మూడూ ఒకేసారి వాడకూడదు. బస్సుకు రెండు కొసలే ఉండాలి, మూడో కొమ్మ పెడితే సిగ్నల్ వెనక్కి తిరిగి కొడుతుంది. లోపల ఏవైనా తగిలించి ఉన్నాయేమో మూత తీసి చూడండి. డిస్కుల మీద సొంత టెర్మినేషన్ జంపర్లు ఉంటే రెండింటిలోనూ తీసేయండి, డబ్బా చివర ఉన్నది ఒక్కటే ఉండాలి.

తేదీ పోవడానికి కారణం ప్యారామ్ బ్యాటరీ (మ్యాక్ ఆపినా తేదీ, సెట్టింగులు నిలబెట్టేది). సగం ఏఏ సైజు, 3.6 వోల్టుల లిథియం, ఈఆర్14250 అని అడగండి. మామూలు 1.5 వోల్టుల సెల్ పెట్టొద్దు. స్ట్రైప్ దీనివల్ల పోలేదు, కానీ పాతది కారితే బోర్డే పోతుంది, ఈరోజే తీసేయండి.


రేణిగుంట_బెంచ్:

పైన చెప్పినదానికి కరెంటు వైపు ఒకటి కలుపుతాను. 7200 ఆర్పీఎం డిస్కు మోటారు కదిలే మొదటి కొన్ని సెకన్లు 12 వోల్టుల లైను మీద మామూలుకన్నా ఎన్నో రెట్లు లాగుతుంది. రెండూ ఒకేసారి లేస్తే ఆ డబ్బాల్లో ఉండే చిన్న పవర్ సప్లై కెపాసిటర్లు ముసలివైతే వోల్టేజీ కిందికి జారుతుంది, బలహీనమైన డిస్కు వెనకబడుతుంది. ఐడీ 4 కథ ఇదే కావచ్చు.

ఖాళీగా ఉన్న నాలుగు పిన్నుల కనెక్టరులో మల్టీమీటరు పెట్టి, డబ్బా ఆన్ చేస్తూనే చూడండి. పసుపు తీగ 12, ఎర్ర తీగ 5, నలుపు గ్రౌండ్. నిలకడగా తిరుగుతున్నప్పుడు 11.4 నుంచి 12.6, 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. మోటారు లేచే క్షణంలో 12 కాస్త తగ్గడం మామూలే. 10.8 కన్నా కిందికి పోతే ఆ సప్లైతో ఇంక డిస్కులు తిప్పొద్దు. మంచి పీసీ పవర్ సప్లై ఒకటి పక్కన పెట్టి దాని నుంచే రెండు డిస్కులకూ ఇవ్వండి, డబ్బా గ్రౌండూ సప్లై గ్రౌండూ కలపడం మరచిపోకండి.

డిస్కు మీద 'డిలే మోటార్ స్టార్ట్' జంపరు ఉంటే ఒకదానికి పెడితే రెండూ వరసగా లేస్తాయి. 'రిమోట్ స్టార్ట్' జంపరు వేరే. అది పెడితే కార్డు ఆజ్ఞ ఇచ్చేదాకా డిస్కు కదలదు, దాన్ని తీసేయండి. ఎప్పుడూ ముందు డబ్బా ఆన్ చేసి, శబ్దం నిలకడకు వచ్చాక, అంటే ఒక అర నిమిషం ఆగి, మ్యాక్ ఆన్ చేయాలి.

మన దగ్గర ఎండాకాలం గదిలోనే 40 దాటుతుంది. మూత తీసి పైన ఒక ఫ్యాను పెట్టి నడపండి. కరెంటు పోయే వేళలు చూసుకుని, యూపీఎస్ మీదే కాపీ చేయండి. ఆ డిస్కును ఎన్నిసార్లు ఆపి లేపితే అంత ప్రమాదం. లేచిన డిస్కును పని అయిపోయేదాకా ఆపకుండా ఉంచడమే మంచిది.


చిత్తూరు_ప్రీప్రెస్:

ఇద్దరికీ చాలా థాంక్స్. మూత తీసి చూశాం. లోపలి కనెక్టర్లు ఖాళీగానే ఉన్నాయి. డబ్బా సప్లైలో 12 లైను డిస్కులు లేచేటప్పుడు 10.3కి పడిపోతోంది. పీసీ సప్లైకి మార్చాక చల్లగా ఉన్నప్పుడు కూడా ఐడీ 4 వస్తోంది. యాక్టివ్ టెర్మినేటరు పెట్టి, వేగం 10కి దించాం. ఇప్పుడు ఇనిషియలైజ్ పెట్టె రావడం లేదు, కానీ వాల్యూమ్ కూడా రావడం లేదు. ఇంక మ్యాక్‌లో తడమడం ఆపేసి, డిస్కులు కాపీ చేసి బయట కలపాలని అనుకుంటున్నాం. పీసీఐ స్లాటున్న పాత పీసీ ఒకటి ఉంది. ఎలా మొదలుపెట్టాలి?


తిరుచానూరు_హెక్స్:

సరైన నిర్ణయం. డిస్కు వేగం సెకనుకు 8 ఎంబీ అనుకున్నా 9 జీబీకి 20 నిమిషాలు, కాబట్టి కాపీ పెద్ద పని కాదు. ఆలోచించాల్సింది కలపడం దగ్గరే.

పీసీలో అడాప్టెక్ 2940 లేదా 29160 పెట్టండి. 29160 పొడవైన 64 బిట్ కార్డు అయినా మామూలు పీసీఐ స్లాటులో పనిచేస్తుంది. లినక్స్ వాటిని ఏఐసీ7ఎక్స్ఎక్స్ఎక్స్ డ్రైవరుతో తనంతట తానే గుర్తుపడుతుంది. మౌంట్ తనంతట తాను జరిగే సెట్టింగు ఆపేయండి. డిస్కులు ఒక్కొక్కటిగా తగిలించి డీడీ రెస్క్యూతో (పాడైన డిస్కులను కాపీ చేసే సాఫ్ట్‌వేర్) పూర్తి డిస్కు ఇమేజి, అంటే డిస్కంతా ఒకే ఫైలుగా నకలు, తీయండి, పార్టిషన్ ఒక్కటే కాదు. మ్యాప్ ఫైలు (ఏ చోట్లు వచ్చాయో, ఏవి రాలేదో రాసుకునేది) తప్పనిసరిగా పెట్టండి. మొదటి పాసులో చెడ్డ చోట్లను గీకొద్దని చెప్పే ఆప్షన్ ఇచ్చి మంచి భాగమంతా ముందు తెచ్చుకోండి, తరువాత పాసులో మిగిలినవాటికి మూడు ప్రయత్నాలు చాలు. ఇమేజిలు వచ్చాక డిస్కులు తీసి పక్కన పెట్టేయండి. ఇంక పనంతా ఇమేజిల నకళ్ల మీదే.

ఇప్పుడు హెక్స్ ఎడిటరులో (ఫైలులోని బైట్లను అంకెలుగా చూపించేది) మొదటి ఇమేజి తెరవండి. సెక్టారు 512 బైట్లు. సెక్టారు 0 మొదట్లో 45 52 ఉంటుంది, సెక్టారు 1 నుంచి పార్టిషన్ మ్యాప్. ప్రతి ఎంట్రీ 50 4డి తో మొదలవుతుంది. ఎంట్రీలో 8వ బైటు నుంచి 4 బైట్లు పార్టిషన్ మొదలయ్యే సెక్టారు, 12 నుంచి 4 బైట్లు దాని పొడవు, 16 నుంచి పేరు, 48 నుంచి రకం. అంకెలన్నీ పెద్ద బైటు ముందు ఉండే వరసలో ఉంటాయి. రెండు డిస్కుల్లో డేటా పార్టిషన్ ఎక్కడ మొదలైందో రాసుకోండి.

వాల్యూమ్ సరిగ్గా అక్కడే మొదలవుతుందని నమ్మొద్దు. స్ట్రైప్ సాఫ్ట్‌వేర్ తన సొంత సమాచారానికి ముందు కొన్ని సెక్టార్లు ఉంచుకోవచ్చు. అందుకని 42 44 అనే రెండు బైట్లు ఏదైనా సెక్టారు మొదట్లోనే ఉన్న చోటు వెతకండి. రెండు బైట్లే కాబట్టి తప్పుడు చోట్లు కూడా తగులుతాయి. అసలుదైతే దాని నుంచి 36వ బైటులో వాల్యూమ్ పేరు పొడవు, ఆ వెంటనే డెస్క్‌టాప్ మీద మీరు చూసిన పేరు కనిపిస్తుంది. అక్కడి నుంచి 1024 బైట్లు వెనక్కి పోతే వాల్యూమ్ మొదలు. అది ఏ ఇమేజిలో దొరికితే అదే మొదటి డిస్కు. ఐడీ 2 కాబట్టి అదే మొదటిదని అనుకోవద్దు, చూసి తేల్చుకోండి. రెండో దానిలో కూడా పార్టిషన్ మొదలు నుంచి అంతే దూరం వదిలి డేటా మొదలైనట్టు లెక్కేయండి.

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. 42 44 కనిపించింది కదా, ఇది పాత హెచ్ఎఫ్ఎస్ (మ్యాక్ డిస్కులో ఫైళ్లు అమర్చే పద్ధతి) అని తేల్చేస్తారు. 1998లో వచ్చిన ఓఎస్ 8.1 నుంచి 9 దాకా హెచ్ఎఫ్ఎస్ ప్లస్ వాల్యూమ్ ఫార్మాట్ చేస్తే, దాని చుట్టూ ఒక పాత హెచ్ఎఫ్ఎస్ తొడుగు వేస్తారు. బయటి తొడుగుకే 42 44. అదే చోటు నుంచి 124వ బైటు చూడండి. 48 2బి ఉంటే లోపల ఉన్నది హెచ్ఎఫ్ఎస్ ప్లస్. లేకపోతే నిజంగానే పాతది. 18 జీబీని 65,535 బ్లాకులకు మించకుండా పంచాలి కాబట్టి పాతదైతే ఒక్కో బ్లాకు సుమారు 270 కేబీ అవుతుంది. అప్పుడు చిన్న ఫైలు కూడా అంత చోటు తినేస్తుంది.

తొడుగు ఉందంటే మీ అదృష్టం, స్ట్రైప్ సైజును ఊహించాల్సిన పనిలేదు, లెక్క కట్టొచ్చు. 42 44 నుంచి 28వ బైటులో 2 బైట్లు: బ్లాకులు మొదలయ్యే సెక్టారు. 20లో 4 బైట్లు: బ్లాకు సైజు. 126లో 2 బైట్లు: లోపలి వాల్యూమ్ ఏ బ్లాకులో మొదలైందో. మొదటిదాన్ని 512తో, మూడోదాన్ని బ్లాకు సైజుతో గుణించి రెండూ కలపండి. వచ్చినది లోపలి వాల్యూమ్ మొదలు. దానికి 1 కేబీ కలిపిన చోట దాని అసలు హెడరు, 48 2బి తో, ఉండి తీరాలి.

ఉదాహరణకి మొదలు 672 కేబీ వచ్చిందనుకుందాం. హెడరు 673 కేబీ దగ్గర ఉండాలి. స్ట్రైప్ 64 కేబీ అయితే 673ను 64తో భాగించండి: భాగఫలం 10, మిగిలింది 33. 10 సరిసంఖ్య కాబట్టి మొదటి డిస్కు, 10లో సగం 5, 5 ఇంటూ 64కి 33 కలిపితే 353, అంటే 353వ కేబీ దగ్గర. 32 అయితే భాగఫలం 21, బేసి, కాబట్టి రెండో డిస్కులో 321వ కేబీ. 128 అయితే రెండో డిస్కులో 289. 16 అయితే మొదటి డిస్కులో 337. ఇప్పుడు రెండు ఇమేజిల్లోనూ 48 2బి ఎక్కడుందో వెతకండి. అది దొరికిన చోటే స్ట్రైప్ సైజు చెప్పేస్తుంది. కొన్ని అంకెలకు రెండు సైజులు ఒకే చోటు చూపించే అవకాశం ఉంది, అప్పుడు రెండూ కట్టి చూడాలి.

కలపడానికి పైథాన్‌లో పది లైన్లు చాలు. రెండు ఇమేజిలూ తెరిచి, రెండింటిలోనూ వాల్యూమ్ మొదలు దాకా దాటించి, మొదటిదాని నుంచి ఒక స్ట్రైప్, రెండోదాని నుంచి ఒక స్ట్రైప్ చదువుతూ మూడో ఫైలులో వరసగా రాయడమే. పార్టిషన్ పొడవు దాటకుండా ఆపండి. అయిపోయాక లోపలి హెచ్ఎఫ్ఎస్ ప్లస్ భాగాన్ని మాత్రం విడిగా కోసి ఇంకో ఇమేజి చేయండి. దాని పొడవు: 128వ బైటులోని 2 బైట్ల బ్లాకుల సంఖ్య ఇంటూ బ్లాకు సైజు. ఒక్క సెక్టారు కూడా ఎక్కువ తక్కువ కాకూడదు. హెడరు నకలు ఒకటి వాల్యూమ్ చివరి నుంచి 1024 బైట్ల ముందు ఉంటుంది, లినక్స్ దాన్ని కూడా చూస్తుంది, దొరకకపోతే మౌంట్ చేయదు.


చిత్తూరు_ప్రీప్రెస్:

మొదటి డిస్కు ఐడీ 4 అని తేలింది. తొడుగు ఉంది. హెడరు 64 కేబీ లెక్క చూపించిన చోటే దొరికింది. ఐడీ 2 ఇమేజిలో కొన్ని సెక్టార్లు చదవడం కుదరలేదు, ఐడీ 4 పూర్తిగా వచ్చింది. కలిపిన ఇమేజి లినక్స్‌లో రీడ్ ఓన్లీగా మౌంట్ అయింది, ఫోల్డర్లన్నీ కనిపిస్తున్నాయి. కానీ ఫాంట్ల ఫోల్డరులో చాలావాటికి సున్నా బైట్లు అని చూపిస్తోంది. అవి పోయినట్టేనా?


తిరుచానూరు_హెక్స్:

ఫోల్డర్లు కనిపించినంత మాత్రాన స్ట్రైప్ సైజు సరైనదని పూర్తిగా నమ్మకండి, పెద్ద ఫైలుతో పరీక్షించండి. కంప్రెస్ చేయని సీఎంవైకే టిఫ్ ఒకటి తెరవండి. 3,000 పిక్సెళ్ల వెడల్పున్న స్కానులో ఒక్కో వరస 12,000 బైట్లు, అంటే ఒక స్ట్రైప్‌లో ఐదున్నర వరసలు పడతాయి. సైజు తప్పయితే ప్రతి ఐదారు వరసలకూ బొమ్మ పక్కకు జరిగి అడ్డ పట్టీలుగా విరుగుతుంది. కలంకారీలో సన్నని కలం గీతల మీద ఇది వెంటనే తెలిసిపోతుంది. అంతా నిటారుగా కలిసి వస్తే లెక్క సరే. అక్కడక్కడా ఒక్కో చిన్న మచ్చ మాత్రం ఉంటే అది ఐడీ 2లో పోయిన సెక్టారుది.


తిరుపతి_68పిన్:

ఫాంట్లు పోలేదన్నా. మ్యాక్ ఫైలుకు డేటా ఫోర్కు, రిసోర్సు ఫోర్కు అని రెండు భాగాలు. ఫాంట్ సూట్‌కేసులు, టైప్ 1 పోస్ట్‌స్క్రిప్ట్ ఫాంట్లు మొత్తం రిసోర్సు ఫోర్కులోనే ఉంటాయి, డేటా ఫోర్కు ఖాళీ. లినక్స్ మామూలుగా చూపించేది డేటా ఫోర్కునే, కాబట్టి సున్నా. అక్కడి నుంచి పెన్ డ్రైవుకు కాపీ చేస్తే మాత్రం నిజంగానే పోతాయి.

తిరుచానూరు అన్న చెప్పినట్టు కోసిన హెచ్ఎఫ్ఎస్ ప్లస్ ఇమేజిని అలాగే ఒక ఓఎస్ టెన్ మ్యాక్‌కు తీసుకెళ్లి, రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి, అక్కడే హెచ్ఎఫ్ఎస్ ప్లస్ డిస్కు మీదికి కాపీ చేయండి. తొడుగు తీసేశారు కాబట్టి కొత్త మ్యాకుల్లో కూడా ఇబ్బంది ఉండదు. కాటలీనా అనే మ్యాక్ ఓఎస్ వెర్షన్ నుంచి తీసేసింది పాత హెచ్ఎఫ్ఎస్‌నే. 9600లో మళ్లీ వాడాలంటే ఫాంట్లను స్టఫిట్ ఫైలుగా కట్టి పంపండి, అప్పుడు రెండు ఫోర్కులూ కలిసే పోతాయి.

ఆ పాత తెలుగు ఫాంట్లు యూనికోడ్‌వి కావు. అక్షరాలు ఇంగ్లీషు కీల స్థానాల్లో కూర్చుంటాయి. క్వార్క్ ఫైలు దొరికినా అదే ఫాంటు లేకపోతే లేబులు మీది తెలుగంతా అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా వస్తుంది. కాబట్టి లేఅవుట్ల కన్నా ముందు ఫాంట్ల ఫోల్డరే కాపీ చేసి, ఒక్కో సూట్‌కేసును తెరిచి చూసుకోండి. తరువాత స్కాన్లు. ఐడీ 2 డిస్కును మళ్లీ స్ట్రైప్‌లో పెట్టొద్దు, దాని ఇమేజి, మ్యాప్ ఫైలు మాత్రం దాచిపెట్టండి.